వెన్నుపట్టీ కింది కాగితం

బైండింగాయన భార్యను ఆ వీధిలో అందరూ జిగురమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే ఇంటి వెనక పొయ్యి మీద మైదాపిండి ఉడుకుతున్న వాసన వస్తే జిగురమ్మ లేచిందని లెక్క. గిన్నెడు పిండికి మూడు గిన్నెల నీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. ఆ జిగురు సాయంత్రానికి సరిగ్గా అయిపోయేది. ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఆ కొలత మార్చలేదు, ఆయన ఒక్కనాడూ మిగల్చలేదు.

ముందుగది పనికి, వెనకగది కాపురానికి. ముందుగదిలో కిటికీ పక్కన ఆయన పీట, ఎదురుగా పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు, దాని పక్కన ఆమె చాప. ఆయన మడిచిన అచ్చుకాగితాల ఫారాలు సర్ది, దారంతో కుట్టి, ప్రెస్సులో బిగించేవాడు. వెన్నుకు జిగురు రాసి కాగితప్పట్టీ అంటించడం ఆమె పని. దాని మీద కాలికో గుడ్డ కప్పి, అట్టలు వేసి, చివరికి వెన్ను మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాయడం మళ్ళీ ఆయన పని. ఆ అక్షరాలు చూసి, అచ్చులో కొట్టించారా అని అడిగేవాళ్ళు. ఆయన బొటనవేలు చూపించి, "ఇదేనండీ మా అచ్చు" అనేవాడు. నొక్కి నొక్కి ఆ వేలు చెంచాలా చప్పిడైపోయింది.

ఆయన మాటకారి. ఆమెకు మాటలు తక్కువ. చదువు మూడో తరగతితో ఆగింది. ఏదైనా చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. "మా ఆవిడ ఇన్ని వేల పుస్తకాలకి వెన్నెముక వేసింది గానీ, ఒక్కదాని కడుపులోకి తొంగి చూడలేదండీ" అని వచ్చినవాళ్ళ దగ్గర వేళాకోళం చేసేవాడు. ఆమె తల ఎత్తకుండానే నవ్వేది.

ఒకసారి ఎవరో కొత్తరకం తెల్ల గమ్ము అమ్మడానికి వచ్చి, "ఒకసారి అంటిస్తే జన్మలో ఊడదు సార్" అన్నాడు.

"ఊడనిది నాకెందుకయ్యా?" అన్నాడు ఆయన. "పుస్తకం నాతో అయిపోదు. ఇంకో ముప్పై ఏళ్ళకి దారం చివికితే, ఎవడో ఒకడు దీన్ని విప్పి మళ్ళీ కుట్టుకోవాలి. తడిగుడ్డ వేస్తే చక్కగా వచ్చెయ్యాలి. వాడెవడో గానీ, నన్ను తిట్టుకోకూడదు కదా."

అమ్మకానికి వచ్చినవాడు ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. ఆమెకు మాత్రం ఆ మాట నచ్చింది. నచ్చిందని ఆయనతో అనలేదు. నచ్చినవాటిని నచ్చాయని చెప్పే అలవాటు ఆమెకు లేదు.

ఆయన అన్నగారు చనిపోయిన ఏడాది జరిగిందిది. అన్నగారు ఆసుపత్రిలో నలభై ఒక్క రోజులు మెషిను మీద ఉన్నాడు. ఆయన రోజూ వెళ్ళి చూసొచ్చేవాడు. మొదట్లో వచ్చాక ఏదో ఒకటి చెప్పేవాడు, తర్వాత మానేశాడు. ఒకరోజు వచ్చి పీట మీద కూర్చుని, దారపు ఉండ చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు.

"గొట్టం లాగేసుకుంటాడని అన్నయ్య చేతులు మంచానికి కట్టేశారు. ఆ ముడి ఏంటో తెలుసా? మనం పుస్తకానికి చివర్లో వేసే ముడే. లాగేకొద్దీ బిగుస్తుంది."

"ఊరుకోండి" అందామె.

"పోనీ ప్రాణం పోసే పనైతే కట్టమను. డాక్టరు కూడా పెదవి విరిచేశాడు. మా వదిన ఒకటంటుంది, పిల్లలు ఇంకొకటంటారు. అన్నయ్యకేం కావాలో అడుగుదామంటే ఆయనకి నోరు లేదు."

అన్నగారి కార్యక్రమాలన్నీ అయ్యాక ఆయన ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆ ప్లీడరుగారి పుస్తకాలన్నీ పాతికేళ్ళుగా ఆయనే కడుతున్నాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో పన్నెండు లావుపాటి చట్టం పుస్తకాలు, చంకలో రెండు కాగితాలు తెచ్చాడు.

"ఇదిగో, ఇది ఇంటి కాగితం. ఇది ఒంటి కాగితం" అన్నాడు చాప మీద చతికిలబడుతూ.

ఇంటి కాగితం చదివి వినిపించాడు. ఆయన తర్వాత ఇల్లు ఆమెది, బతికున్నన్నాళ్ళూ ఎవరూ కదపకూడదు. ఆమె తర్వాత కొడుక్కి సగం, కూతురికి సగం.

"దానికీ సగమేనా?" అని అడిగింది. ఇష్టం లేక కాదు. కొడుకు ఏమంటాడో అని.

"ఏం, అది పావువంతే పుట్టిందా?"

ఆమె నవ్వింది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్రంకుపెట్టెలో బట్టల మడతల మధ్య దాచి, తాళం వేసి వచ్చింది. ఆయన రెండోది తీశాడు. ప్లీడరుగారు చెప్పినట్టు తన చేతిరాతతోనే రాసుకున్న కాగితం. మంచి దళసరి కాగితం. కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి.

"నాకు మళ్ళీ తెలివి రాదని డాక్టర్లు తేల్చి చెప్పిన రోజున..." అని మొదలుపెట్టాడు.

ఆమె రెండు చెవులూ మూసుకుంది. "నా ఇంట్లో అలాంటి మాటలు చదవడానికి వీల్లేదు."

"అప్పుడే నీ ఇల్లయిపోయిందా? ఇంకా నేను పోలేదే!"

ఆమెకు నవ్వు రాలేదు. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఆయన గొంతు తగ్గించాడు. "సరే, చదవనులే. దాచు. ఆ రోజంటూ వస్తే నువ్వే తీసి ఇవ్వాలి. ఇంకెవరో కాదు, నువ్వే." అని ఆ కాగితాన్ని ఆమె జిగురుగిన్నె పక్కన పెట్టి లేచాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన దారం కొనడానికి వెళ్ళాడు. ప్లీడరుగారి పుస్తకాలు కుట్టు పూర్తయి, ప్రెస్సులో వెన్నుపట్టీల కోసం ఎదురుచూస్తున్నాయి. గిన్నె పక్కన ఆ కాగితం ఉంది. అది ఇంట్లో ఉండటమంటే చావుకి చిరునామా రాసిచ్చినట్టు అనిపించింది ఆమెకు. చింపుదామంటే చెయ్యి రాలేదు. ఆ ఇంట్లో కాగితం చింపడం, పారెయ్యడం లేవు. పనికిరాని కాగితం ఏదైనా వెన్నుకు పనికొస్తుంది. ఆమె స్కేలు పెట్టి కత్తితో నిలువునా మూడు పట్టీలు కోసింది. పుస్తకం పొడుగుకి మించిన అడుగుముక్క తీసేసింది. రాత లోపలికి వచ్చేలా మూడు పుస్తకాల వెన్నులకి జిగురు రాసి అంటించి, ఎప్పటిలాగే పైనుంచి కిందకి గుడ్డతో అద్దింది. దేనికీ చాలని ఆ అడుగుముక్క పొయ్యిలోకి పోయింది. మిగిలిన తొమ్మిదింటికీ పాత పేపరే వేసింది.

సాయంత్రం ఆయన అడిగాడు. "దాచావా?"

"దాచాను."

"ఎక్కడ?"

"గట్టి చోటే."

ఆయన మరి అడగలేదు. ఆ మీదట గుడ్డ కప్పాడు, అట్టలు వేశాడు, పన్నెండు పుస్తకాల మీదా గుండ్రటి అక్షరాలతో పేర్లు రాశాడు. ఆ మూడింటి మీద రాస్తున్నప్పుడు ఆమె వెనకగదిలోకి వెళ్ళిపోయింది.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక పొద్దున సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఏమోయ్, ఈ సూదికి కన్ను ఎటుపోయింది?" అన్నాడు. సూది ఆయన చేతిలో తలకిందులుగా ఉంది. ఆ మాటే ఆఖరు. పీట మీద నుంచి పక్కకి ఒరిగిపోయాడు.

తలలో నరం చిట్లిందన్నారు. గొంతులోకి గొట్టం వేసి మెషిను పెట్టారు. పదో రోజుకి డాక్టరమ్మ తల్లినీ పిల్లలిద్దరినీ గదిలోకి పిలిచింది. మెదడు ఇక కోలుకోదని, ఇంకో పెద్ద డాక్టరు కూడా చూసి అదే చెప్పారని నెమ్మదిగా చెప్పింది. "ఇలాంటి పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో ఆయన ఎప్పుడైనా కాగితం మీద రాశారా?" అని అడిగింది.

కొడుకు తల అడ్డంగా ఊపాడు. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఆగిపోయినదాన్ని నడిపించడమే అతని పని.

కూతురు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది. "నాతో చెప్పారు. పెదనాన్నలా నన్ను కట్టెయ్యనివ్వకే అన్నారు" అంది.

"మీరేమంటారమ్మా? రాసిందేమైనా ఉందా?" అని డాక్టరమ్మ జిగురమ్మ వైపు తిరిగింది.

ఏమని చెప్పాలి? కోసి, జిగురు రాసి, పరాయివాళ్ళ బీరువాలో పెట్టానని చెప్పాలా? "తెలీదండీ" అంది.

"అయితే మీరంతా కూర్చుని ఒక మాట మీదికి రండి" అంది డాక్టరమ్మ. "తొందరేం లేదు. కానీ ఒక మాట మీదికి రావాలి."

ఒక మాట మీదికి రావడం కాదు, ఉన్న మాటలు కూడా పోయాయి. పదిహేడో రోజు వరండాలో, మందుల కౌంటరు ముందు, అందరూ వింటుండగా అన్నాచెల్లెళ్ళు వాదులాటకి దిగారు.

"నాన్నని నా చేత్తో నేను ఆపించను. అంతే."

"ఆపించేది నువ్వు కాదు అన్నయ్యా. ఎప్పుడో ఆగిపోయారు. లోపల తిరుగుతోంది మెషినే."

"నీతో చెప్పారా? నాతో ఎందుకు చెప్పలేదు? అమ్మతో ఎందుకు చెప్పలేదు? నీకొక్కదానికే చెవులున్నాయా?"

"నువ్వెప్పుడు కూర్చున్నావు ఆయన పక్కన, చెప్పడానికి?"

అప్పుడన్నాడు కొడుకు ఆ మాట. "నీకు తొందరెందుకో నాకు తెలుసులే. సగం రాశాడుగా నీకు!"

కూతురు భుజానికున్న సంచీ సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కొడుకు గోడకి తిరిగి నిలబడ్డాడు. ఆ మాట ఎందుకన్నానా అని అతను అనుకుంటున్నాడని తల్లికి తెలుస్తూనే ఉంది.

ఆసుపత్రి డబ్బుల కోసం పెట్టె తెరిచినప్పుడు కొడుకు కంటపడ్డ ఇంటి కాగితం ఇక్కడిదాకా వచ్చింది. అది పెట్టెలో తాళం కింద భద్రంగా ఉంది గనుక వచ్చింది. రావలసినది మాత్రం రాలేదు.

ఆమె లోపలికి వెళ్ళింది. ఆ పొద్దుటినుంచీ ఆయన చేతులు ఊరికే ఎగిరిపడుతున్నాయని గుడ్డతో మంచానికి కట్టారు. తెలివి ఉండి కాదు, నరాలు వాటంతటవే అలా లాగుతాయన్నారు. ఆమె వంగి ముడి చూసింది. లాగేకొద్దీ బిగిసే ముడి. చెంచాలాంటి ఆ బొటనవేలు గుడ్డకింద తెల్లగా కనబడుతోంది. ఆమె ఆ వేలి మీద తన వేలు ఒక్కసారి ఆనించి, తిన్నగా ప్లీడరుగారి ఆఫీసుకి నడిచింది. దారిలో ఇంటి దగ్గర ఆగి, ఆయన కత్తి మాత్రం తీసుకుంది.

ప్లీడరుగారు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "రండమ్మా. ఎలా ఉన్నారు మా బైండింగాయన?"

"మీ పుస్తకాలు కోయాలండీ" అందామె.

"ఏ పుస్తకాలు?"

"ఆయన కట్టినవి. మూడు."

ప్లీడరుగారికి అర్థం కాలేదు. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. ముప్పై నాలుగేళ్ళలో పరాయివాళ్ళతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ప్లీడరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"కాపీ ఒకటి నాకు తెచ్చివ్వవయ్యా అని నేనెన్నిసార్లు అడిగానో! 'మా ఆవిడ దాచిందండీ, మీ బీరువాకంటే గట్టి చోటు' అన్నాడమ్మా. ఏడాది పైనించీ నా వీపు వెనకే ఉందా అది?"

పన్నెండు పుస్తకాలూ ఒకే రంగు కాలికో. ఏ మూడో ఆమెకు గుర్తులేదు. ఒక్కొక్కటే దించి మధ్యకి తెరిచి, వెన్ను మీద బొటనవేలితో పైనుంచి కిందకి తడుముకుంటూ వచ్చింది. పాత పేపరు వేసిన వెన్ను మెత్తగా వంగుతుంది, చప్పుడు చెయ్యదు. నాలుగోది తెరిస్తే సన్నగా పెళపెళమంది. దాన్ని పక్కన పెట్టింది. ఏడోది. ఆఖరికి పన్నెండోది.

ఆయన పూర్తిచేసిన పుస్తకానికి ఆమె ఎప్పుడూ కత్తి పెట్టలేదు. అట్ట అంచున మొన ఆనించి మెల్లిగా కోసింది. "నేను పట్టుకోనా అమ్మా?" అన్నాడు ప్లీడరుగారు. "వద్దండీ, తెగుతుంది" అంది. గుడ్డ విప్పి, వెన్నుల మీద తడిగుడ్డ వేసి కూర్చుంది. జిగురు నానాలి. ఆయన తెల్ల గమ్ము కొని ఉంటే ఈ కాగితం ఇక ఈ లోకంలో లేనట్టే. ఇది మైదాజిగురు. ఆమె ఉడికించిందే. కాసేపటికి అంచు లేచింది. చంటిబిడ్డ ఒంటిమీద కట్టు ఊడదీసినట్టు, ఒక్కో పట్టీ విడదీసి బల్లమీద పరిచింది.

మూడూ పక్కపక్కన చేర్చి ప్లీడరుగారు చదవడం మొదలుపెట్టాడు. తేమకి సిరా కొంచెం పాకింది గానీ, గుండ్రటి అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కిందిదాకా వచ్చి ఆగాడు.

"సంతకాలేవమ్మా?"

"పొయ్యిలో వేశాను."

ప్లీడరుగారు పట్టీల అడుగంచుని వేలితో తడిమాడు. "సంతకం లేని కాగితం చట్టం ముందు నిలబడదమ్మా. అబద్ధం చెప్పలేను."

"పిల్లల ముందు నిలబడుతుందా?"

ప్లీడరుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పదండి, నేనూ వస్తాను. సాక్షుల్లో ఒకడు మా గుమాస్తానే, వాణ్ణీ రమ్మంటాను. ముందు దీన్ని ఆరనివ్వండి."

ఒక అట్ట మీద గుడ్డ పరిచి, పట్టీలు దానిపై వరుసగా పెట్టుకుని, గాలికి ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని ఆసుపత్రికి వచ్చిందామె. కూతురికి ప్లీడరుగారే ఫోను చేశాడు. ఆమె వచ్చి వరండా ఆ చివర నిలబడింది. అన్న వైపు చూడలేదు.

కొడుకు కాగితం చూడగానే చేతిరాత గుర్తుపట్టాడు. అక్షరాలు దిద్దించింది ఆ చేయే. "ఎవరు కోశారు దీన్ని?"

"నేనే."

"నువ్వా!" అతని గొంతు వరండా అంతా వినబడింది. "వారం రోజుల్నుంచీ మేమిలా కొట్టుకు చస్తుంటే... నీ దగ్గరే ఉందా? నువ్వు చూస్తూ కూర్చున్నావా?"

"చూస్తూనే కూర్చున్నాను" అందామె. "నీచేత చెల్లెల్ని ఆ మాట అనిపించింది కూడా నేనేరా."

అతను పట్టీలు దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. తెలివి రాదని తేలిన రోజున మెషిను మీద ఉంచవద్దని ఉంది. నొప్పి తెలియకుండా మందు ఇస్తే చాలని ఉంది. చేతులు కట్టవద్దని విడిగా రాసి, దాని కింద గీత గీసి ఉంది. అక్కడితో ఆగి, కాగితం చెల్లెలి వైపు చాచాడు. ఆమె దగ్గరికి వచ్చి మిగతాది చదివింది.

"నా తరఫున మాట్లాడాల్సిన మనిషి నా భార్య. ఈ కాగితం ఆమెకు ఇష్టం లేదు, నాకు తెలుసు. ఆమె తక్కువ మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం ఆమెనే అడగండి. ఆమె ఏది చెబితే అదే నా మాట. పిల్లలు దీని గురించి పోట్లాడుకోవద్దు."

జిగురమ్మ గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. చెవులు మూసుకోకుండా ఆ రోజు ఇంకో నాలుగు వరుసలు విని ఉంటే! కాగితం కోసేసినా, కాల్చేసినా, మాట తన నోట్లోనే ఉందని తెలిసేది. ఏడు రోజుల కింద డాక్టరమ్మ అడిగినప్పుడు ఆయనే తనని అడిగినట్టు ఉండేది. తను తెలీదంది.

డాక్టరమ్మ వచ్చింది. ప్లీడరుగారితో, గుమాస్తాతో మాట్లాడింది, పట్టీలు చూసింది. సంతకాలు లేవన్న సంగతి విని తల ఊపింది. "కాగితం సంగతి అలా ఉంచండి. ఇంట్లోవాళ్ళందరిదీ ఒకటే మాటేనా?"

కూతురు అన్న వైపు చూసింది. కొడుకు నేలమీద కూర్చున్న తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు చెప్పమ్మా. నిన్నే అడగమన్నారు."

"నువ్వూ సరేనంటేనే చెబుతాను."

"నా చేత కాదమ్మా. నువ్వు చెప్తే ఊరుకుంటాను. అంతవరకే నా వల్ల అవుతుంది."

ఆమె అతని తల మీద చెయ్యి వేసి, డాక్టరమ్మ వైపు చూసింది. "ముందు చేతులు విప్పండి" అంది. తర్వాత మిగతాది కూడా చెప్పింది. చిన్న గొంతే, కానీ ఎవరూ మళ్ళీ చెప్పమని అడగనక్కర్లేకపోయింది.

ఇద్దరు డాక్టర్లూ మళ్ళీ చూసి, రాసుకోవలసినవి రాసుకునేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. చేతుల ముడులు మాత్రం ముందురోజే ఆమే విప్పేసింది. అలాంటి ముడికి ఎక్కడ సూదిమొన పెట్టాలో నర్సులకంటే ఆమెకే బాగా తెలుసు. మెషిను ఆపాక ఆయన చప్పిడి బొటనవేలిని తన పిడికిట్లో పెట్టుకుని కూర్చుంది. అటు కూతురు, కాళ్ళ దగ్గర కొడుకు. కిటికీలోంచి ఎండ మంచం సగం దాకా వచ్చి, అక్కడినుంచి దుప్పటి అంచుకి జరిగేలోపల ఆయన వెళ్ళిపోయాడు.

అన్నాచెల్లెళ్ళు ఆ తర్వాత మాట్లాడుకుంటున్నారు. మునుపటంత కాదు. కొడుకు క్షమించమని అడిగాడని, కూతురు "సరేలే" అందని జిగురమ్మకి తెలుసు. ఆ "సరేలే" ఎంతవరకు సరో తెలియదు. దాన్ని ఇంకా గట్టిగా లాగి చూడటం ఆమెకు ఇష్టం లేదు.

నెల తిరిగాక ప్లీడరుగారి మూడు పుస్తకాలూ ఇంటికి తెప్పించుకుంది. "తొందరేం లేదమ్మా, ఉండనివ్వండి" అన్నాడాయన. ఉండనివ్వలేదు. బైండింగాయన పీట మీద కూర్చోలేదు, చాప మీదే కూర్చుని, ప్రెస్సుని చాప వైపుకి తిప్పించుకుంది. వెన్నులకి పాత పేపరు పట్టీలు వేసింది. వేసేముందు ప్రతి పట్టీనీ వెలుగుకి పట్టి, అటూ ఇటూ తిప్పి, కూడబలుక్కుని చదివింది. ఎవరిదో అమ్మకానికి ఇల్లు, ఎక్కడో వాన, ఏదో బస్సుల వేళలు. ఏమీ లేవని తేలాకే జిగురు రాసింది. పేర్లు రాయడం ఆమెకు రాదు. పాత గుడ్డ మీదున్న ఆయన అక్షరాలనే జాగ్రత్తగా కోసి, కొత్తదాని మీద అంటించింది.

మూడు పుస్తకాలకీ కలిపి గరిటెడు జిగురు పట్టింది. పొద్దున చెయ్యి అలవాటుగా గిన్నెడు పిండే కొలిచింది, మూడు గిన్నెల నీళ్ళే పోసింది. సాయంత్రం చూస్తే గిన్నె నిండా అలాగే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ మిగల్లేదు. మూత పెట్టి, పీట పక్కన ఆయనకి అందేచోట ఉంచింది.